ఓటమి తర్వాత ప్రజావిశ్వాసం: అండమాన్ స్థానం చెబుతున్నదేమిటి?

ఎన్నికల్లో పరాజయం పాలైన పార్టీ సామాన్య ఓటరు విశ్వాసాన్ని తిరిగి ఎలా సంపాదించుకోగలదు? ప్రతి ఎన్నికల తర్వాతా తలెత్తే ఈ ప్రశ్నను పరిశీలించడానికి అండమాన్, నికోబార్ దీవుల లోక్‌సభ స్థానం అనువైన ఉదాహరణ. కేంద్రపాలిత ప్రాంతం మొత్తానికి ఉన్నది ఈ ఒక్క స్థానమే. ఇక్కడ శాసనసభ లేదు. 2009 నుంచి 2024 వరకు జరిగిన 4 ఎన్నికల్లోనూ పోరు ప్రధానంగా కాంగ్రెస్, భారతీయ జనతా పార్టీల మధ్యే సాగింది. అందువల్ల గెలుపోటముల లెక్క ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

స్థానం చరిత్ర

ఈ స్థానానికి ప్రత్యక్ష ఎన్నిక 1967లో మొదలైంది. అంతకుముందు సభ్యుడిని రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. కాంగ్రెస్ దేశవ్యాప్తంగా అధికారం కోల్పోయిన 1977లోనూ ఆ పార్టీ అభ్యర్థి మనోరంజన్ భక్త ఇక్కడ గెలుపొందారు. 1998 వరకు వరుసగా 7 సార్లు విజయం ఆయననే వరించింది. 1999లో బీజేపీ అభ్యర్థి బిష్ణు పద రే ఆ పరంపరకు తెరదించారు. 2004లో భక్త మళ్లీ నెగ్గగా, 2009లో రే తిరిగి వచ్చారు. అంటే ఓడినవారు మళ్లీ గెలవడం ఈ దీవులకు కొత్త కాదు.

ఆధిక్యం ఒక లెక్క, సొంత ఓట్లు మరో లెక్క

కాంగ్రెస్ అభ్యర్థి కుల్దీప్ రాయ్ శర్మ 2009లో 2,990 ఓట్ల తేడాతోనూ, 2014లో 7,812 ఓట్ల తేడాతోనూ రే చేతిలో ఓడిపోయారు. ఆధిక్యాన్ని మాత్రమే చూస్తే రెండో ఓటమి మొదటిదానికంటే పెద్దది. కానీ ఆయనకు పడిన ఓట్లు 72,221 నుంచి 83,157కు పెరిగాయి. ఓటమిలోనూ మద్దతు విస్తరించిందన్నమాట. 2019లో 95,308 ఓట్లు సాధించిన ఆయన, బీజేపీ అభ్యర్థి విశాల్ జాలీపై 1,407 ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కారు.

2024లో రే మళ్లీ బరిలో నిలిచి, 24,396 ఓట్ల తేడాతో శర్మను ఓడించారు. 2019తో పోలిస్తే బీజేపీకి 8,535 ఓట్లు పెరిగాయి. కాంగ్రెస్‌కు 17,268 ఓట్లు తగ్గాయి. ఫలితం తారుమారు కావడంలో ప్రత్యర్థి కొత్తగా సంపాదించుకున్న ఓట్లకంటే, పార్టీ తానుగా పోగొట్టుకున్న ఓట్ల వాటా దాదాపు రెట్టింపు. ఆ ఓటర్లందరూ ఎటు వెళ్లారో, ఎందుకు వెళ్లారో ఈ అంకెలు చెప్పవు. ఓడిన పార్టీ మొదట ఎవరి గడప తొక్కాలో మాత్రం సూచిస్తాయి: నిన్నటి వరకు తనకే ఓటు వేసి, ఈసారి వేయనివారి గడప.

మాట ఇవ్వడం తేలిక, నెరవేర్చడం కష్టం

రాజ్యాంగంలోని 239వ అధికరణం ప్రకారం కేంద్రపాలిత ప్రాంతాల పాలన రాష్ట్రపతి నియమించే పాలనాధికారి ద్వారా సాగుతుంది. అండమాన్‌లో ఆ బాధ్యత లెఫ్టినెంట్ గవర్నర్‌ది. దీవుల మధ్య నౌకల రాకపోకలు, ఆసుపత్రులు, ఉద్యోగ నియామకాలు వంటి నిత్యావసర అంశాలపై ఎంపీకి నిర్ణయాధికారం లేదు. పార్లమెంటులో ప్రశ్నించడం, అధికారులపై ఒత్తిడి తేవడం, ఏటా 5 కోట్ల రూపాయల ఎంపీ నిధులతో చేపట్టే పనులను సిఫార్సు చేయడం ఆయన చేతిలోని ప్రధాన సాధనాలు. కోవిడ్ కారణంగా 2020 ఏప్రిల్ నుంచి 2021 నవంబరు వరకు ఆ నిధులూ నిలిచిపోయాయి.

ఇటువంటి చోట అలవిగాని హామీలు ఇచ్చే పార్టీ తన ఓటమికి తానే బీజం నాటుకుంటుంది. ఏది తన చేతిలో ఉంది, ఏది ఢిల్లీ చేతిలో ఉంది అన్నది ముందే చెప్పిన పార్టీకి, పని జరగనప్పుడు కూడా ఓటరు ముందు నిలబడే అర్హత మిగులుతుంది.

నడక చాలని చోటు

తెలుగు నేలపై ఓడిన పార్టీలు ప్రజలకు చేరువయ్యేందుకు ఎంచుకున్న ప్రసిద్ధ మార్గం పాదయాత్ర. 1999లో ఓడిన కాంగ్రెస్ తరఫున వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం వరకు నడిచారు. 2004లో పార్టీ అధికారంలోకి వచ్చింది. 2019లో 23 శాసనసభ స్థానాలకు పరిమితమైన తెలుగుదేశం, నారా లోకేశ్ 2023లో యువగళం పాదయాత్ర చేసిన తర్వాత, 2024లో జనసేన, బీజేపీలతో కూటమిగా పోటీ చేసి 135 స్థానాలు గెలుచుకుంది. విజయాలకు పాదయాత్రలే కారణమని తేల్చలేం. అయితే నాయకుడు ఎన్నికల ముందే గ్రామాలకు వెళ్లి సమస్యలు వినడం వాటి సారాంశం.

దీవుల్లో ఆ దారికి సముద్రం అడ్డు. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే 500 కిలోమీటర్లకు పైగా దూరం. బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ, మలయాళం మాట్లాడేవారు ఒకే నియోజకవర్గంలో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఒకే ప్రసంగం, ఒకే యాత్ర అందరినీ చేరవు. నాయకుడు రాలేని రోజుల్లో ఆయా భాషల్లో మాట్లాడే స్థానిక కార్యకర్తే పార్టీకి ముఖం.

చిన్న పదవుల విలువ

అందుకే పంచాయతీలు, పురపాలక వార్డులు ఇక్కడ కీలకం. 2022 మార్చిలో జరిగిన పోర్ట్ బ్లెయిర్ పురపాలక ఎన్నికల్లో 24 వార్డులకు గాను తెలుగుదేశం 2 గెలుచుకుంది. అప్పటికి ఆ పార్టీ ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షంలో ఉంది. మరుసటి ఏడాది మార్చిలో బీజేపీ మద్దతుతో ఆ పార్టీ సభ్యురాలు ఎస్. సెల్వి పురపాలక మండలి అధ్యక్షురాలయ్యారు. పొత్తు లేనిదే అది సాధ్యమయ్యేది కాదు. కానీ ఆ 2 వార్డులు లేనిదే పొత్తుకూ విలువ ఉండేది కాదు. తాగునీరు, వీధిదీపం, మురుగు కాలువ వంటి పనులు వార్డు స్థాయిలోనే కనిపిస్తాయి. పార్టీ మాటను ఓటరు వాటితోనే సరిచూసుకుంటాడు.

అండమాన్ అనుభవం నుంచి గ్రహించదగినవి మూడు. ఆధిక్యం కంటే ముందు సొంత ఓట్ల లెక్క చూసుకోవడం. చేతిలో ఉన్న పనికే మాట ఇవ్వడం. రెండు ఎన్నికల నడుమ ప్రజల మధ్య నిలిచి ఉండడం. వీటితో గెలుపు ఖాయమని చెప్పలేం. తిరిగి దక్కిన విశ్వాసమూ శాశ్వతం కాదని 2019, 2024 ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.