జన్యు సవరణతో పాత మందుల అన్వేషణ
వైరస్ మన కణంలోని ప్రోటీన్లను వాడుకునే పెరుగుతుంది. వాటిని కనిపెడితే, వాటిపై ఇప్పటికే పనిచేసే మందునే వాడి చూడవచ్చు. క్రిస్పర్ అనే జన్యు సవరణ సాధనంతో ఒక్కో కణంలో ఒక్కో జన్యువును ఆపి, వైరస్ సోకించి, బతికిన కణాలను పరిశీలిస్తారు. 2021లో న్యూయార్క్ జీనోమ్ సెంటర్ బృందం ఇలాగే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ కణాల్లో కోవిడ్ వైరస్‌ను తగ్గిస్తుందని చూపింది. గాజుపాత్రలో పనిచేసింది రోగిలో పనిచేయకపోవచ్చనే అభ్యంతరం సబబే. కానీ క్లినికల్ పరీక్షలకు దేన్ని ఎంచుకోవాలో చెప్పేది ఈ వడపోతే.

మత్స్య కళాశాల ఉన్న నెల్లూరు జిల్లా ముత్తుకూరుకు ఈ పద్ధతి దూరపు సంగతి కాదు. 1990ల మధ్య నుంచి నెల్లూరు చెరువుల్లో వైట్‌స్పాట్ వైరస్ సోకిన రొయ్యలు మేత మానేసి, పెంకుపై తెల్లమచ్చలతో గట్టు పక్కకు చేరి చస్తున్నాయి. దీనికి ఆమోదిత మందు లేదు. ఈ వడపోతతో మందు వెతకడానికి అసలు అడ్డంకి, ప్రయోగశాలలో ఎడతెగక పెరిగే రొయ్య కణాలు చేతికి రాకపోవడం. ఎగుమతి సరుకులో మందు అవశేషాల భయం నిజమైనదే అయినా, ముందు పెట్టుబడి పెట్టాల్సింది ఆ కణాల సాధనపైనే.