నాలుగు వాటాల విమానం

గల్ఫ్ ఎయిర్ చరిత్ర చదివితే నాకు అన్నదమ్ముల ఆస్తి పంపకాలే గుర్తొస్తాయి. 1950లో ఫ్రెడీ బోస్‌వర్త్ అనే బ్రిటిష్ పైలట్ బహ్రెయిన్‌లో గల్ఫ్ ఏవియేషన్ పెట్టాడు. మరుసటి ఏడాది బ్రిటిష్ సర్కారీ సంస్థ బీఓఏసీ అందులో వాటాదారైంది. 1971లో బ్రిటన్ గల్ఫ్ వదిలాక ఆ వాటా కూడా కొనేసి, 1974లో బహ్రెయిన్, ఖతర్, అబుదాబి, ఒమన్ కంపెనీని తలా పావు పంచుకున్నాయి.

దుబాయ్‌కి వాటా లేదు. ఎనభైల్లో గల్ఫ్ ఎయిర్ అక్కడికి సర్వీసులు తగ్గించింది. దాంతో దుబాయ్ 1985లో ఎమిరేట్స్ మొదలెట్టింది, అదీ పాకిస్తాన్ నుంచి అద్దెకు తెచ్చిన విమానాలతో! చూసినవాళ్లు ఊరుకుంటారా? 1993లో ఖతర్ ఎయిర్‌వేస్, ఒమన్ ఎయిర్, 2003లో అబుదాబి ఎతిహాద్ వచ్చాయి.

నష్టాల వల్లే విడిపోయారంటారు. నాకైతే తోక మీద సొంత జెండా కావాలన్న కోరికే ఎక్కువ కనిపిస్తుంది. 2002లో ఖతర్, 2005లో అబుదాబి, 2007లో ఒమన్ తప్పుకున్నాయి. మిగిలింది బహ్రెయిన్ ఒక్కటే. పేరు మాత్రం ఇప్పటికీ గల్ఫ్ ఎయిరే.