గవ్వల పీటకు మాకరోనీ చుట్టరికం

శనివారం రాత్రి అన్నం ముట్టని ఇళ్ళు మన వైపు ఇప్పటికీ బోలెడు. మగవాళ్ళు "ఇవాళ నాకు పలహారమేలే" అని తేలిగ్గా అనేసి వీధి అరుగుమీదకి పోతారు. ఆ పలహారం ఏమిటన్నది మాత్రం ఇల్లాలి తలనొప్పి. ఉప్మా అంటే పిల్లలు మూతి ముడుస్తారు. చపాతీలంటే పదిమందికీ వత్తేసరికి భుజాలు పడిపోతాయి. అందుకే ఈమధ్య ఆ ఖాళీలోకి మాకరోనీ మెల్లగా వచ్చి పీట వేసుక్కూచుంది. ఉడకబెట్టి, టమాటా గుజ్జు కలిపి, పైన తెల్లటి పాలసాసు పోసి, ఎర్రగా కాల్చి దించితే పిల్లలు గిన్నె నాకేస్తారు. పెద్దావిడ మాత్రం దూరంనించే చూసి, "ఇదేం తిండే తల్లీ, మన ఇంటా వంటా లేదు!" అంటుంది.

ఇంటా వంటా లేదా? ఆ మాట నిజమో కాదో కాస్త చూద్దాం.

నందివెలుగునే తీసుకోండి. తెనాలి పక్క పల్లె. చుట్టూ కృష్ణ కాలవల కింద పండే వరిచేలు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకి అన్నమే దేవుడు. గోధుమ ఇక్కడి పంట కాదు, ఇక్కడి అలవాటూ కాదు. అది కొన్నాళ్ళు జ్వరం వచ్చినవాళ్ళ పథ్యంగా, 1960ల కరువు రోజుల్లో రేషను గింజగా, ఆ తర్వాత శనివారం పలహారంగా మన వంటింట్లోకి వచ్చింది. అలాంటి ఊళ్ళో ఇటలీ వంటకానికి చుట్టాలెవరుంటారు?

ఉన్నారండీ! అటకమీద గవ్వల పీట ఉంటే ఒక్కసారి దించండి. గాట్లుగాట్లుగా ఉండే ఆ చిన్న చెక్కమీద పిండి ఉండని పెట్టి, బొటనవేలితో నొక్కి ఒక్క తోపు తోస్తే గవ్వ చుట్టుకుని దొర్లిపోతుంది. పీట లేనివాళ్ళు కొత్త దువ్వెనమీద నొక్కుతారు. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో ఆడవాళ్ళు 'మల్లొరెద్దుస్' అనే పాస్తాని సరిగ్గా ఇలాగే చేస్తారు. గాట్ల చెక్కమీదో, అల్లిన బుట్ట అడుగునో పిండిముద్దని బొటనవేలితో నొక్కుతారు. వాళ్ళు నీళ్ళలో ఉడకబెడతారు, మనం నూనెలో వేయించి బెల్లం పాకంలో వేస్తాం. అంతే తేడా. ఆ గాట్లు ఎందుకంటారా? వాళ్ళకి సాసు పట్టడానికి, మనకి పాకం పట్టడానికి!

వినాయక చవితికి చేసే పాలతాలికల మాటేమిటి? బియ్యప్పిండి ముద్దని సన్నని తీగల్లా తాల్చి, మరిగే పాలలో వేసి, బెల్లం కలుపుతాం. పిండి తీగల్ని ఉడికించి తినడం మనకి తెలియని విద్య కాదన్నమాట. ఇటలీలో బారీ అనే ఊరి పాత వీధుల్లో ఆడవాళ్ళు గుమ్మాల ముందు బల్లలు వేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ, చెవుల ఆకారంలో పాస్తా చేసి ఆరబెడతారు. మన ఊళ్ళో నులకమంచంమీద తెల్లచీర పరిచి వడియాలు పెట్టే అమ్మలక్కల్ని తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూచోబెడితే, భాష రాకపోయినా పని ఆగదు.

ఇక చరిత్ర సంగతి. మార్కోపోలో చీనానించి పాస్తాని ఇటలీకి తెచ్చాడని మనలో చాలామంది చదువుకున్నాం. 1929లో అమెరికా మాకరోనీ వ్యాపారుల పత్రికలో వచ్చిన కథ ఒకటి ఈ మాటని ఊరూరా పాకించింది. మార్కోపోలో వెనిస్‌కి తిరిగొచ్చింది 1295లో. కానీ 1154లోనే అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళవేత్త, సిసిలీ ద్వీపంలో త్రాబియా అనే ఊళ్ళో పిండి తీగలు చేసి ఓడల్లో దేశదేశాలకి పంపుతున్నారని రాశాడు. 1279లో జెనోవాలో ఒక సైనికుడి ఆస్తి జాబితాలో ఒక బుట్టెడు మాకరోనీ కూడా లెక్కకెక్కింది. చీనా గొప్ప చీనాదే: లాజియా అనే చోట తవ్వకాల్లో దొరికిన నాలుగు వేల ఏళ్ళనాటి నూడుల్స్ గురించి 2005లో లోకానికి తెలిసింది. ఎవరికి వారే పిండి కలుపుకున్నారు, ఎవరికి వారే తీగ లాగారు.

ఆ సైనికుడి జాబితా చూస్తే ఒక్కటే అనిపిస్తుంది. బుట్ట ఎవరిదో రాశారు. రాసిన గుమాస్తా పేరూ మిగిలింది. మరి ఆ బుట్టెడు మాకరోనీ చేసిన చేతులు ఎవరివి? ఆ ఊసే లేదు.

అమెరికాలోనూ ఇదే వరస. 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ విందులో మాకరోనీ వడ్డించాడని ఒక అతిథి డైరీలో రాసుకున్నాడు. దాంతో ఆ దేశానికి ఆ వంటకం రుచి చూపించిన ఘనత ఆయనదేనని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ ఆయన ఇంట్లో ఫ్రెంచి వంట చేసింది జేమ్స్ హెమింగ్స్ అనే బానిస. 1784లో దొర వెంట పారిస్ వెళ్ళి ఆ విద్య నేర్చుకున్నాడు. మన తెనాలి ఆంధ్రా పారిస్ కాదండోయ్, అసలు పారిస్సే! స్వేచ్ఛ కావాలంటే తన విద్యని ఇంకొకరికి నేర్పి వెళ్ళాలని షరతు పెట్టారు. తమ్ముడికి నేర్పి, 1796లో విడుదలయ్యాడు. వెళ్ళేముందు తన చేత్తో రాసిన వంటసామాను జాబితా ఇప్పటికీ ఉంది.

పేరు నిలబెట్టుకున్న ఆడమనిషి కూడా లేకపోలేదు. ఇంగ్లండులో పెద్దింటి వంటా వార్పూ చక్కబెట్టిన ఎలిజబెత్ రాఫాల్డ్ 1769లో వంటల పుస్తకం అచ్చువేసింది. మాకరోనీ ఉడికించి, మీగడా, పిండిలో దొర్లించిన వెన్నా వేసి మరిగించి, పైన కాల్చిన చీజు పరవమని అందులో ఉంది. దొంగ ప్రతులు రాకుండా తొలి ముద్రణ ప్రతులమీద తనే సంతకం చేసింది. గడుసుది!

ఆవిడ పద్ధతినే మన వంటింటికి దించుకుందాం. పావుకిలో మాకరోనీని ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో ఉడికించి, పలుకుండగానే గంజి వార్చినట్టు వార్చాలి. ఆ పలుకు తెలుసుకోవడం అన్నం వార్చే చేతులకి ఒకరు నేర్పక్కర్లేదు. ఉల్లిపాయలు, వెల్లుల్లి, నాలుగు టమాటాలు మగ్గబెట్టి, కాస్త గుంటూరు కారం వేసి కలపాలి. టమాటా పరాయిదంటారా? పాతకాలంవాళ్ళు దాన్ని రామములగ అని పిలిచి రాముడి పేరే పెట్టేశారు. అదీ, మిరపా రెండూ అమెరికా ఖండం నించి వచ్చినవే. ఇటలీవాళ్ళు పాస్తాలో టమాటా కలపడం 18వ శతాబ్దం చివర్లోగాని మొదలుపెట్టలేదు.

రెండు చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, అరలీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలిపితే తెల్లసాసు సిద్ధం. ఉప్పు, మిరియాలపొడి వేసి మాకరోనీమీద పోసి, పైన రొట్టెపొడి, చీజు తురుము చల్లండి. పార్మిజాన్ చీజులో పాలు విరగడానికి దూడ పొట్టలోని పదార్థం వాడతారు. నిష్ఠగా శాకాహారం పాటించేవాళ్ళు పొట్లంమీద ఆకుపచ్చ చుక్క చూసి కొనాలి.

ఓవెన్ ఉంటే 180 డిగ్రీల వేడిలో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. లేకపోతే మందపాటి దాకలో ఇసుక పోసి, పది నిమిషాలు కాగనిచ్చి, గిన్నె అందులో పెట్టి గట్టిగా మూతెయ్యండి. సన్నసెగమీద అరగంట ఉంచితే సరి. పైభాగం అంత ఎర్రగా కాలదు గాని, రుచికి లోటుండదు. పైన ఎర్రబడాలంటే పైనించీ సెగ కావాలని దిబ్బరొట్టె కాల్చిన మన అమ్మమ్మలకి తెలుసు. అందుకే మూతమీద కూడా నిప్పులు వేసేవారు. ఓవెన్ చేసేది ఆ పనేగా!

కాబట్టి పెద్దావిడ "మన ఇంటా వంటా లేదు" అంటే, నవ్వుతూ ఆవిడ చేతికే గవ్వల పీట ఇవ్వండి. గవ్వలు చేయించుకోండి, పక్కన కూచుని నేర్చుకోండి కూడా. ఆ పద్ధతిని వంటల నోటుబుక్కులో ఎక్కించేటప్పుడు "గవ్వలు" అని మాత్రం రాసి ఊరుకోకండి. ఎవరు నేర్పారో, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరమో కూడా రాయండి. ఎనిమిదొందల ఏళ్ళ పాస్తా చరిత్రలో దొరకనిది ఆ ఒక్క వివరమే. అది రాయడానికి మీకు పట్టేది ఒక్క నిమిషం.