గుండ్ల మీద నడిచే స్టీరింగ్: సాగినా బాక్సు పుట్టుపూర్వోత్తరాలు

1964లో పాంటియాక్ జీటీఓ వచ్చినప్పుడు అమెరికా కుర్రకారు చూసింది దాని ఇంజన్నే. 389 ఘనపుటంగుళాల వీ8, మామూలు రకానికే 325 హార్స్‌పవర్. అంత పరుగును అదుపులో ఉంచాల్సిన స్టీరింగ్ బాక్సు మాత్రం పెద్దమనిషి నింపాదిగా ఆఫీసుకు నడుపుకెళ్లే కారులోదే. పవర్ స్టీరింగ్ తీసుకోకపోతే నిష్పత్తి 24:1. అంటే బాక్సు కింద చక్రాలను లాగే ఆర్మ్ ఒక డిగ్రీ కదలాలంటే చేతిలో స్టీరింగ్ 24 డిగ్రీలు తిరగాలి. ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు ఐదు చుట్లు. ఇప్పుడు ఆ తరం కార్లను బాగుచేసుకుంటున్నవాళ్లు ఇంజనుకీ పెయింటుకీ ధారాళంగా ఖర్చుపెట్టి, చివరికి ఈ బాక్సు దగ్గర ఆగిపోతున్నారు. పాతదాన్నే ఓవర్‌హాల్ చేయాలా, వేరేది వేయాలా? ఆ బాక్సు ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో తెలిస్తే జవాబు తేలిగ్గా దొరుకుతుంది.

ఆ బాక్సు పుట్టిల్లు మిషిగన్ రాష్ట్రంలోని సాగినా పట్టణం. అక్కడ 1906లో జాక్సన్, చర్చ్ అండ్ విల్‌కాక్స్ అనే కంపెనీ మొదలైంది. అది తయారుచేసిన స్టీరింగ్ గేరు పేరు జాకాక్స్. కొన్నేళ్లకే బ్యూయిక్ ద్వారా జనరల్ మోటార్స్ చేతికి వచ్చి, 1928లో సాగినా స్టీరింగ్ గేర్ డివిజన్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే డివిజన్ మెషిన్ గన్‌లు, ఎం1 కార్బైన్‌లు కూడా తయారుచేసింది.

ఆ రోజుల్లో బాక్సు లోపల మర కోసిన షాఫ్టు ఉండేది. దాన్నే వర్మ్ అంటారు. దాని మీద పళ్లు నేరుగా రాసుకుంటూ కదిలేవి. బండి బరువు పెరిగే కొద్దీ ఆ రాపిడీ పెరిగింది, చేతులూ నొప్పి పుట్టాయి. దీనికి సాగినా ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది. వర్మ్ మీద అర్ధచంద్రాకారపు గాడి, దాని మీద తిరిగే నట్టు లోపల కూడా అలాంటిదే గాడి, రెంటికీ మధ్య ఉక్కు గుండ్లు. స్టీరింగ్ తిప్పితే గుండ్లు చీమల బారులా గాడిలో దొర్లుకుంటూ పోయి, గొట్టంలోంచి వెనక్కి వచ్చి మళ్లీ బారులో చేరతాయి. లోహం లోహాన్ని గీరదు, దొర్లుతుంది. నట్టు బయటివైపు పళ్లు సెక్టార్ షాఫ్టును తిప్పుతాయి, దాని చివర ఉన్న పిట్‌మన్ ఆర్మ్ చక్రాలను లాగుతుంది. 1940 కాడిలాక్‌లతో ఈ రీసర్క్యులేటింగ్ బాల్ స్టీరింగ్ కార్లలోకి వచ్చింది. మన రోడ్ల మీద లారీలు, బస్సులు ఇప్పటికీ నడుస్తున్నది ఈ పద్ధతి మీదే. మారుతీ జిప్సీలోనూ ఇదే ఉండేది.

పవర్ స్టీరింగ్ కథ వేరు. అందులో ఒక మనిషి ఓపిక ఉంది. పియర్స్-ఆరో కంపెనీలో లారీల ఇంజనీరుగా చేసిన ఫ్రాన్సిస్ డేవిస్ 1926 నాటికే ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే స్టీరింగును తయారుచేసి కారులో నడిపి చూపించాడు. జనరల్ మోటార్స్ ఒప్పందం చేసుకుంది. మాంద్యం ముంచుకొచ్చాక, ఖర్చు గిట్టదని 1934లో వదిలేసింది. డేవిస్ బెండిక్స్ కంపెనీకి వెళ్లాడు. యుద్ధంలో సాయుధ వాహనాలకు అతని పద్ధతి అక్కరకొచ్చింది. తీరా 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో పవర్ స్టీరింగ్‌ను మొదట అమ్మకానికి పెట్టింది, గడువు తీరిన డేవిస్ పేటెంట్ల ఆధారంగా! జనరల్ మోటార్స్ మళ్లీ డేవిస్‌నే పిలిచి, మరుసటి ఏడాదికల్లా కాడిలాక్‌లో పెట్టింది. చేతికి వచ్చిన వస్తువును వదిలేసి, పోటీదారు అమ్మేదాకా ఆగడం ఆ కంపెనీ చేసిన పెద్ద పొరపాటని నేననుకుంటాను.

1959లో సాగినా రోటరీ వాల్వ్ బాక్సు తెచ్చింది. షాఫ్టు లోపలి సన్నని టార్షన్ బార్ చేతి ఒత్తిడికి కాస్త మెలితిరిగితే వాల్వ్ తెరుచుకుని ఆయిల్ తోస్తుంది. తర్వాత 800 సిరీస్‌గా పేరుపడ్డ ఈ కుటుంబం జనరల్ మోటార్స్ సొంత కార్లయిన షెవెల్‌లు, కమారోలు, జీటీఓలను దాటి, 1971లో ఫోర్డ్ మస్టాంగ్‌లోకి కూడా వెళ్లింది. పోటీ కంపెనీ కొనుక్కుందంటే అంతకు మించిన యోగ్యతాపత్రం అక్కర్లేదు.

ఇక ఓవర్‌హాల్ సంగతి. ఎక్కువ బాక్సులు చెడేది పాతబడి కాదు, పైనున్న సెక్టార్ స్క్రూను తెలియక బిగించడం వల్ల. బండి ఎప్పుడూ తిన్నగానే నడుస్తుంది కాబట్టి మధ్య పళ్లే ముందు అరుగుతాయి. వదులు (ప్లే) పోవాలని అక్కడ స్క్రూ బిగిస్తే, అరగని అంచుల దగ్గర పళ్లు బిగుసుకుపోయి మలుపు తిప్పాక స్టీరింగ్ వెనక్కి రాదు. వరస ఇది: ముందు వర్మ్ బేరింగులు సరిచేయాలి, తర్వాత స్టీరింగును సరిగ్గా మధ్యకు తెచ్చి సెక్టార్ స్క్రూ చూడాలి. ఈ పని పిట్‌మన్ ఆర్మ్ విడదీశాకే చేయాలి.

పవర్ బాక్సు విప్పితే నల్లవి, తెల్లవి రెండు రకాల గుండ్లు కనిపిస్తాయి. నల్లవి తెల్లవాటి కంటే అర థౌ, అంటే 0.0005 అంగుళం, చిన్నవి. ఒకటి విడిచి ఒకటి వేయాలి. రంగు తేడా మురికి వల్లే అనుకుని కలిపి పోస్తే ఆ బాక్సు మళ్లీ నునుపుగా తిరగదు. సెక్టార్ పళ్ల మీద, వర్మ్ గాడి మీద గుంటలు లేకపోతే సీళ్లు, బేరింగులు మార్చి పాత బాక్సునే నిలబెట్టుకోవచ్చు.

గుంటలు పడితేనో, 24:1 భరించలేకపోతేనో కొత్త బాక్సు. రాక్ అండ్ పినియన్ కోసం ఛాసిస్ కోయాలన్న ఆలోచన నాకు నచ్చదు. ఇదే కుటుంబంలో తర్వాత వచ్చిన ఐరాక్-జెడ్ కమారో, మాంటే కార్లో ఎస్‌ఎస్, గ్రాండ్ చెరోకీ బాక్సుల్లో నిష్పత్తి 12.7:1 దాకా దొరుకుతుంది. చుట్లు రెండున్నరకు దిగుతాయి. పైగా టార్షన్ బార్ లావైతే చేతికి బరువు తెలుస్తుంది, హైవే మీద బండి నిలకడగా ఉంటుంది. అయితే కొనేముందు మూడు విషయాలు చూసుకోవాలి. ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్ సైజు పాతదానితో కలుస్తుందా? 1970ల చివరి నుంచి గొట్టాల ఫిట్టింగులు మెట్రిక్ ఓ-రింగ్ రకానికి మారాయి కాబట్టి పాత హోసులు సరిపోతాయా? లోపలి స్టాపుల వల్ల చక్రం పూర్తిగా తిరుగుతుందా, లేక బండి మలపడానికి ఇంకో రెండు అడుగులు కావాల్సివస్తుందా?

సాగినా డివిజన్ చేతులు మారి ఇప్పుడు నెక్స్‌టీర్ అయింది. 2010లో చైనా యాజమాన్యానికి వెళ్లింది. బెంగళూరులోనూ దానికి ప్లాంటు ఉంది. పాత బాక్సుల భాగాలు మాత్రం ఇంకా దొరుకుతున్నాయి. అందుకే ఒక్క మనవి: అరిగిన సెక్టార్ షాఫ్టుకు వెల్డింగ్ పెట్టించకండి, పిట్‌మన్ ఆర్మ్‌ను వేడిచేసి వంచకండి. ఆ రెంటిలో ఏది విరిగినా స్టీరింగ్ చేతిలోనే ఉంటుంది గానీ బండి ఉండదు.