కార్నియా చికిత్సలో కణజాల జిగురు: వరిసీమల దృష్టితో ఒక చారిత్రక పరిశీలన

నేత్రశస్త్రచికిత్సలో కణజాల జిగురు చరిత్రను సాధారణంగా కుట్లకు ప్రత్యామ్నాయం వెదికిన చరిత్రగా చెబుతారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి వరిసీమల వైపు నుంచి చూస్తే ఆ కథనం అసంపూర్ణం. ఇక్కడి కన్నుకు జిగురు చేసే ప్రధానమైన మేలు, చికిత్సకు వ్యవధి సమకూర్చడం.

తొలి ప్రయత్నాలు మాత్రం అతికించడం కోసమే జరిగాయి. రక్తం గడ్డకట్టే ప్రక్రియను అనుకరించే ఫైబ్రిన్‌ను 1946లో కాట్జిన్ కుందేళ్ళ కార్నియా మార్పిడిలో వాడి చూశాడు. సయనోఅక్రిలేట్ మరో కోవకు చెందినది. తేమ తగలగానే గట్టిపడే కృత్రిమ పదార్థం. 1968లో వెబ్‌స్టర్, రెఫోహో, డోల్‌మన్ ప్రభృతులు దానితో కార్నియా చిల్లులను మూసిన రెండు సందర్భాలను ప్రకటించారు. జిగురు పాత్ర మారడం ఇక్కడే మొదలైంది.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో వరి, కొబ్బరి ప్రధానమైన పంటలు. కోతల్లో, నూర్పిళ్ళలో వరికంకి మొనో, గడ్డి నలుసో కంటికి తగిలితే పడే గీత చిన్నదే. దాని వెంట శిలీంధ్రం చేరితే కార్నియా పుండుపడి, కరిగి, చిల్లు పడవచ్చు. ఈ ప్రమాదం వరి పండే నేలలన్నిటిదీ. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1991–2000 నడుమ నిర్ధారించిన 1,352 శిలీంధ్ర కార్నియా వ్యాధి కేసులలో సగానికి పైగా గాయమే పూర్వకారణం.

చిల్లుపడిన కంటికి వెంటనే కార్నియా మార్పిడి చేయాలంటే దాత కార్నియా దొరకాలి. దొరికినా, వ్యాధి చల్లారని కంటిలో అది నిలవడం కష్టం. ఈ సంకటంలో సయనోఅక్రిలేట్ చిన్న చిల్లును మూసి, కంటిలోని ద్రవం కారిపోకుండా ఆపుతుంది. దాని గరుకు రెప్పకు తగలకుండా పైన మెత్తని కాంటాక్ట్ లెన్స్ అమర్చుతారు. అడుగున మచ్చకణజాలం ఏర్పడ్డాక జిగురు ఊడిపోతుంది. శిలీంధ్రనాశక మందులు మాత్రం కొనసాగవలసిందే. పై సంస్థకే చెందిన ప్రశాంత్ గార్గ్ బృందం శిలీంధ్ర వ్యాధిలో ఈ జిగురు వాడిన అనుభవాన్ని 2003లో ప్రకటించింది.

ఫైబ్రిన్ చరిత్ర వేరొక మలుపు తిరిగింది. తాంబూలపు సున్నం వంటివి కంట్లో పడితే కార్నియా అంచునుండే మూలకణాలు నశించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న రెండో కంటి నుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి నాటే పద్ధతి ఖర్చుతో కూడినది. 2012లో వీరేందర్ సాంగ్వాన్, సయన్ బసు తదితరులు హైదరాబాదు నుంచి ప్రకటించిన పద్ధతిలో ఆ చిన్న ముక్కను మరింత సన్నగా తరిగి, కంటిపై పరచిన ఉల్బపొర మీద ఫైబ్రిన్‌తో నిలుపుతారు. కణాలు కంటిమీదే పెరుగుతాయి; ప్రయోగశాల అవసరం తప్పింది.

ఈ రెండు ధారల్లోనూ జిగురు విలువను నిర్ణయించినది కుట్లు తప్పించే సౌకర్యం ఒక్కటే కాదు. ఒకచోట దాత కార్నియాల కొరత, మరొకచోట ప్రయోగశాల ఖర్చు దాని ప్రయోజనాన్ని నిర్దేశించాయి. వైద్యసాంకేతిక చరిత్రను ఆవిష్కర్తల పేర్లతోనే గాక, దాన్ని వాడుకున్న నేల అవసరాలతోనూ రాయవలసి ఉన్నదని ఈ ఉదాహరణ నిరూపిస్తున్నది.