వొయ్‌చెహ్ (పోలిష్ పురుషనామం)

వొయ్‌చెహ్ పోలండ్‌లో వెయ్యేళ్లకు పైగా వాడుకలో ఉన్న పేరు. క్రైస్తవానికి ముందే స్లావ్ జాతులు రెండు ధాతువులు కలిపి పేర్లు పెట్టుకునే పద్ధతిలో పుట్టింది. మొదటి భాగం ‘వొయ్’ అంటే యోధుడు. నేటి పోలిష్‌లో సైన్యాన్ని చెప్పే ‘వొయ్‌స్కో’, యుద్ధాన్ని చెప్పే ‘వొయ్‌న’ మాటల్లో ఉన్నది ఇదే. రెండో భాగానికి సంతోషం, ఊరట అనే అర్థాలున్నాయి. అందుకే కొందరు దీన్ని ‘యుద్ధంలో ఆనందించేవాడు’ అనీ, మరికొందరు ‘యోధులకు ఊరట’ అనీ వివరిస్తారు. ముద్దుపేరు వొయ్‌తెక్.

పోలండ్ పాలకుడు 966లో బాప్తిస్మం తీసుకున్నాక ఇలాంటి పాత పేర్లు చాలావరకు క్రమంగా మరుగునపడి, బైబిలు పేర్లు, ఇతర దేశాల పునీతుల పేర్లు ముందుకొచ్చాయి. వొయ్‌చెహ్ మాత్రం నిలిచింది. దానికి ప్రధాన కారణం ఒక్క మనిషి, అతడూ పోలండ్‌వాడు కాదు. బొహీమియాలోని లిబిత్సెలో, స్లావ్నిక్ వంశంలో సుమారు 956లో పుట్టిన ఈ చెక్ కుర్రవాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వొయ్‌చెహ్‌కు చెక్ రూపమైన వొయ్త్యెఖ్. మాగ్డెబుర్గ్‌లో చదువుకుంటూ అక్కడి ఆర్చిబిషప్పు పేరే స్వీకరించి అడాల్బర్ట్ అయ్యాడు. అది జర్మన్ పేరు. ‘కులీనుడు, తేజస్వి’ అని అర్థం. రెండు పేర్లకూ అర్థంలో ఏ పొంతనా లేదు. అయినా ఆ ఒక్క జీవితం వల్ల చర్చి లాటిన్‌లో వొయ్‌చెహ్ అంటే అడాల్బర్ట్ అనే స్థిరపడింది.

తరువాత ప్రాగ్ బిషప్పు అయిన అతడు బాల్టిక్ తీరంలోని ప్రష్యన్లకు మతబోధ చేయడానికి వెళ్లి 997 ఏప్రిల్ 23న హతుడయ్యాడు. పోలండ్ పాలకుడు బొలెస్వావ్ ఆ దేహాన్ని దాని ఎత్తు బంగారమిచ్చి విడిపించాడని ఐతిహ్యం. సమాధి గ్నియెజ్నోలో కట్టారు. క్రీ.శ. 1000లో పవిత్ర రోమన్ చక్రవర్తి మూడవ ఒట్టో అక్కడికి యాత్రగా వచ్చాడు. ఆ సందర్భంలోనే పోలండ్‌కు సొంత ఆర్చిబిషప్పు పీఠం దక్కింది. ఒక దేశపు చర్చికి స్వతంత్ర స్థానం రావడంలో ఈ సమాధి పాత్ర చాలా పెద్దది. గ్నియెజ్నో కెథడ్రల్‌లోని 12వ శతాబ్దపు కంచు తలుపులపై అతడి జీవితం 18 ఘట్టాలుగా మలిచి ఉంది. విశేషమేమంటే, పోలిష్ జనం ఆయన్ను చర్చి ఇచ్చిన పేరుతో కాక, పుట్టినప్పటి స్లావిక్ పేరుతోనే కొలిచారు. ఈ పేరున్నవారి నామదినం నేటికీ ఏప్రిల్ 23.

పోలిష్ రంగస్థల పితామహుడు వొయ్‌చెహ్ బొగుస్వావ్‌స్కి (1757–1829), సంగీతకర్త వొయ్‌చెహ్ కిలార్ (1932–2013) ఈ పేరున్న ప్రముఖుల్లో కొందరు. వొయ్‌చెహొవ్‌స్కి వంటి ఇంటిపేర్లూ దీనినుంచే వచ్చాయి. రెండవ జాన్ పాల్ పోపు ఇంటిపేరు వొయ్‌తివాను కూడా సాధారణంగా ఈ పేరుతోనే ముడిపెడతారు. బిషప్పు వొయ్‌చెహ్ మరణానికి వెయ్యేళ్లు నిండిన 1997లో ఈ పోపు గ్నియెజ్నో వెళ్లి ఉత్సవాల్లో పాల్గొన్నారు.