వ్యాధి భారం

జబ్బులు, గాయాల వల్ల ఒక జనాభా ఎంత ఆరోగ్యకరమైన ఆయుష్షు పోగొట్టుకుంటున్నదో చెప్పే లెక్క వ్యాధి భారం. దీని ప్రధాన కొలమానం ‘డాలీ’. అకాల మరణంతో పోయిన ఏళ్లకు, జబ్బుతోనో వైకల్యంతోనో గడిచిన ఏళ్లను తీవ్రతను బట్టి తూకం వేసి కలుపుతారు. ఒక డాలీ అంటే ఆరోగ్యంగా బతకాల్సిన ఒక ఏడాది పోయినట్టు.

ఈ కొలమానం రాకముందు శతాబ్దాల పాటు లెక్కించింది చావులనే. లండన్‌లో వారం వారం వెలువడే మరణాల పట్టీలను పరిశీలించి జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి 1662లో పుస్తకం రాశాడు. 1839లో ఇంగ్లండ్ జనన మరణాల రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో చేరిన విలియం ఫార్ మరణ కారణాలను వర్గాలుగా విడదీశాడు. 1893లో జాక్ బెర్తియోన్ ప్రతిపాదించిన జాబితా నేటి అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణకు మూలం.

ఈ పద్ధతిలో ప్రాణం తీయని జబ్బులు పట్టీలోకే ఎక్కవు. పసిబిడ్డ చావూ ఎనభై ఏళ్ల ముసలివారి చావూ ఒక్కో అంకెగానే పడతాయి. 1981లో ఘనాలో ఒక బృందం ఏ జబ్బుకు ఎన్ని ఆరోగ్యకరమైన రోజులు పోతున్నాయో లెక్కగట్టింది. ఆ దారిలోనే క్రిస్టఫర్ మరీ, అలన్ లోపెజ్ 1990 సంవత్సరానికి 107 వ్యాధులు, గాయాలతో ప్రపంచ పట్టిక సిద్ధం చేశారు. ప్రపంచ బ్యాంకు 1993 నివేదికకు అదే ఆధారం. చావుల జాబితాలో కనిపించని మానసిక కుంగుబాటు ఈ పట్టికలో నాలుగో స్థానానికి వచ్చింది.

అసలు తగాదా తూకం దగ్గరే. మొదట్లో ఏ వైకల్యం ఎంత బరువో నిపుణులే నిర్ణయించారు. నడివయసు ఏడాదికి పసితనం, ముసలితనం కన్నా ఎక్కువ విలువ కట్టారు; రాబోయే ఏళ్లకు ఏటా 3 శాతం తరుగు తీశారు. సుధీర్ ఆనంద్, కారా హాన్సన్ 1997లో దీన్ని గట్టిగా తప్పుపట్టారు. ఆ విమర్శ న్యాయమైనదే. 2010 సంవత్సరపు ప్రపంచ వ్యాధి భార అధ్యయనంలో ఆ రెండు సవరణలూ తీసేశారు. బంగ్లాదేశ్, పెరూ, టాంజానియా వంటి దేశాల్లో మామూలు జనానికే ఇద్దరు రోగుల స్థితి వివరించి, వీరిలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నట్టని అడిగారు. జవాబులు దేశదేశానికీ పెద్దగా మారలేదు.

భారతదేశంలో చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, ఇంట్లో పోయినవారిలో చాలామందికి డాక్టరు రాసిన మరణ కారణమంటూ ఉండదు. అందుకే ఇంటివాళ్లను లక్షణాలడిగి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి డాక్టర్లు కారణం తేల్చే వెర్బల్ అటాప్సీ పద్ధతిని ‘మిలియన్ డెత్ స్టడీ’ పెద్దఎత్తున వాడింది. పాముకాటుతో దేశంలో ఏటా సుమారు 46,000 మంది పోతున్నారని ఆ అధ్యయనం 2011లో వెల్లడించింది. చావుల్లో ఎక్కువ భాగం పల్లెల్లోనే. రాష్ట్రాలవారీగా ఉత్తరప్రదేశ్ తర్వాతి స్థానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 5,200 మరణాలతో.